పిల్లి కనబడితే మా రాకీకి మా మాట వినబడదు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. సొంత ఇల్లు. కింద మేము, మేడ మీద అద్దెకున్నవాళ్లు. మా రాకీకి నాలుగేళ్లు. తల్లి లాబ్రడార్, తండ్రి వీధి కుక్క అని ఇచ్చినవాళ్లు చెప్పారు. మనుషులతో చాలా మంచివాడు. పాలబ్బాయి వస్తే తోక ఊపుకుంటూ గేటు దాకా వెళ్లి సాగనంపి వస్తాడు. మనవడికి పద్నాలుగు నెలలు, వాడు చెవులు పట్టి లాగినా కిక్కురుమనడు. పిల్లి కనబడితే మాత్రం మా రాకీ మా రాకీ కాదు. చిన్నప్పుడు తొండల్నీ ఉడతల్నీ తరుముతుంటే నవ్వుకునేవాళ్లం. కిందటేడు ఒక పిల్లిని తోక దగ్గర పట్టాడు, అది ఎలాగో తప్పించుకుంది. మొన్న ఆదివారం పొద్దున పెరట్లో జామచెట్టు కింద ఓ వీధి పిల్లిని మెడ పట్టుకుని విదిలించి చంపేశాడు. మొరగనైనా లేదు. ముందుకాలు ఒకటి పైకెత్తి కాసేపు బొమ్మలా నిలబడ్డాడు, మరుక్షణం పిల్లి నోట్లో ఉంది. మా అమ్మాయి విడిపించబోతే పిల్లి చేతి మీద రక్కింది. రెండు చోట్ల రక్తం వచ్చింది, పసుపు అద్దాం.

రాకీని కర్రతో కొట్టి, చచ్చిన పిల్లిని ముందు పెట్టి తిట్టాం. రెండు రోజులు అన్నం ముట్టలేదు, మూడో రోజు మళ్లీ జామచెట్టు కిందే కాపలా. మావయ్యగారు ‘రక్తం రుచి మరిగింది, రేపు పసివాడి మీద పడుతుంది’ అంటున్నారు. అత్తయ్యగారికి పిల్లిని చంపిన పాపం టెన్షన్. బంగారంతో పిల్లి బొమ్మ చేయించి దానం ఇవ్వాలట. మావారు కృష్ణ కరకట్ట మీద వదిలేసి వద్దామంటున్నారు. మా చెల్లెలి కొడుకు కరెంటు షాక్ కొట్టే బెల్టు ఆన్‌లైన్‌లో తెప్పిస్తానంటున్నాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందా? పైవాళ్లకి కూడా ఒక పిల్లి ఉంది, పేరు కిట్టీ. దానికేమన్నా అయితే వాళ్లకి మా ముఖం ఎలా చూపించాలి?

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, రాకీ సంగతి తర్వాత. ముందు మీ అమ్మాయి చెయ్యి. పత్రిక అచ్చయి మీ ఇంటికి చేరేసరికి ఆలస్యమవుతుందని, మీ ఉత్తరం చదివిన రోజే డెస్కు వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. మిగతా పాఠకుల కోసం ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. రేబిస్ కుక్కల నుంచే వస్తుందని మనవాళ్లకు ఒక నమ్మకం. పిల్లి నుంచీ వస్తుంది. రక్తం వచ్చేలా రక్కితే వైద్యులు దాన్ని మూడో కేటగిరీ గాయంగా లెక్కిస్తారు, అంటే అన్నిటికన్నా పెద్దది. కరిచిన పెంపుడు జంతువైతే పది రోజులు కళ్లముందు పెట్టుకుని చూస్తాం. ఇక్కడ ఆ పిల్లి చచ్చిపోయింది, పైగా ఎవరిదో తెలియదు. ఇక చూడటానికేం మిగిలింది?

కాబట్టి గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే కుళాయి నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, మనకు పదిహేను నిమిషాలనిపించేది మామూలుగా రెండు నిమిషాలే ఉంటుంది. పసుపు, సున్నం, కారం ఏవీ వద్దు. తర్వాత ఆసుపత్రి. మూడో కేటగిరీకి టీకాతో పాటు గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేదాకా రేబిస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్) కూడా కావాలి, అది అడిగి వేయించుకోండి. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. కండకు వేసేదైతే మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకు. సర్కారు ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి వెళ్లనివాళ్లు ఇంకా నాకు తగులుతూనే ఉన్నారు. ఆ టీకా పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పుడు పెద్దవాళ్లకు టీకా చేతికే.

రాకీ టీకా పుస్తకం కూడా ఒకసారి తీయండి. రేబిస్ టీకా ఏటా పడి ఉన్నా సరే, వీధి పిల్లిని నోట కరిచాడు కాబట్టి ఇప్పుడు ఇంకో డోసు వేయించాలి. పుస్తకంలో ఖాళీలుంటే ఈ రోజే మీ పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, అలాంటి కుక్కను నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది. అలాగే వాడి ముఖం వెలుతురులో పెట్టి చూడండి. పిల్లి గోరు కుక్క కంటికి తగలడం చాలా మామూలు. కన్ను సగం మూసినా, నీరు కారినా, నల్లగుడ్డు మీద తెల్లటి పొర కనబడినా అదే రోజు చూపించాలి. ఇంట్లో ఎవరికో వాడగా మిగిలిన కంటి చుక్కలు మాత్రం వెయ్యొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే గీరుకున్న కన్ను కరిగిపోయినంత పనవుతుంది. నాలుగైదు రోజులకు దవడ దగ్గర వాపు వస్తే అది పిల్లి పంటి గాటు లోపల చీము పట్టడం. పైకి ఆవగింజంత రంధ్రం కూడా కనబడదు.

ఇక అసలు సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం ఏదో తెలుసా? ‘మొరగనైనా లేదు, ముందుకాలు ఒకటి పైకెత్తి బొమ్మలా నిలబడ్డాడు’ అన్నది. కోపం వచ్చిన కుక్క గుర్రుమంటుంది, పళ్లు చూపిస్తుంది, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఎదుటివాడు దూరంగా పోవాలని అది చేసే గొడవ అదంతా. రాకీకి పిల్లి పోవడం కాదు, దొరకడం కావాలి. అందుకే సద్దు లేదు. వాడు చేసింది వేట. చూడటం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, విదిలించడం. తోడేళ్ల నాటి నుంచి వరసగా వస్తున్న మెట్లివి. మనుషులు తమకు కావలసిన మెట్టును పెంచి, అక్కర్లేనిదాన్ని తగ్గించి జాతుల్ని తయారుచేసుకున్నారు. గొర్రెలు కాసే కోలీకి చూపూ పొంచడమూ మిగిలాయి. లాబ్రడార్‌కి నోట పట్టి తేవడం మిగిలింది, అదీ నలగకుండా. ముధోల్, రాజపాళయం లాంటి మన వేటకుక్కలకు తరమడమే ప్రాణం. వీధి కుక్కను ఎవరూ ఇలా చెక్కలేదు. చాలావాటిలో మెట్లన్నీ పూర్తిగా ఉంటాయి. మీవాడికి ఆ తండ్రి పోలికే ఎక్కువ వచ్చినట్టుంది.

మావయ్యగారి మాటలో సగం నిజం ఉంది. రక్తం రుచికీ దీనికీ సంబంధం లేదు. వాడు వారం వారం చికెన్ తింటూనే ఉన్నాడుగా! కానీ వేట ఒకసారి పండితే ఆ పండటమే వాడికి బహుమతి. మనం పెట్టే బిస్కెట్టు దాని ముందు నిలవదు. తొండతో మొదలై, తోక దగ్గర పట్టిన పిల్లి మీదుగా ఇక్కడికి చేరాడు. అవకాశం దొరికితే ఇంకోసారి తప్పకుండా చేస్తాడు. పసివాడి మీద పడతాడా అంటే, పిల్లిని పట్టే కుక్క పిల్లల్ని కరుస్తుందన్న లెక్క ఏమీ లేదు. మనిషి పిల్ల వాడికి ఇంటి మనిషే. అయితే వేటతో సంబంధం లేని ఇంకో మాట చెప్పాలి. మనవడు చెవులు లాగినా కిక్కురుమనడని మురిసిపోతూ రాశారు. నాకది చదువుతుంటే ముద్దు రాలేదు, గుండె ఝల్లుమంది. ఓర్చుకుంటున్నాడు, అంతే. చెవి లాగినప్పుడు రాకీ ముఖం పక్కకు తిప్పుకుంటున్నాడా, పెదాలు నాక్కుంటున్నాడా, కంటి తెల్లగుడ్డు కనబడుతోందా, గమనించండి. ఎంత మంచి కుక్కయినా సరే, నడకలు నేర్చే పిల్లాడినీ దాన్నీ ఒక గదిలో వదిలేసి మీరు వంటింట్లోకి వెళ్లకూడదు. రేపు వాడు కేరింతలు కొడుతూ పరిగెత్తడం మొదలుపెడతాడు. హాలు గుమ్మానికి నడుమెత్తు చెక్క గేటు ఒకటి పెట్టించండి.

కొట్టడం గురించి. చచ్చిన పిల్లిని ముందు పెట్టి కొడితే, పావుగంట కిందటి పనికి ఈ దెబ్బ అని కుక్కకు ముడిపడదు. మీరు కర్ర పట్టుకుంటే భయం అన్నది మాత్రం బాగా ముడిపడుతుంది. రెండు రోజులు తినకపోవడం పశ్చాత్తాపం కాదు, అది మీ గొంతుకు భయం. షాక్ బెల్టు ఇంకా అన్యాయం. పిల్లి కనబడినప్పుడల్లా మెడలో కరెంటు కొడితే వాడు నేర్చుకునేది పిల్లి వస్తే నొప్పి వస్తుందని. అంతకుముందు వేట ఒక్కటే ఉంది, ఇప్పుడు దానికి పగ తోడవుతుంది. ఆ షాక్ కొట్టిన క్షణంలో పక్కన మనవడుంటే నెపం వాడి మీదికి పోవచ్చు కూడా. ఆ అబ్బాయికి థాంక్స్ చెప్పి ఆర్డరు రద్దు చేయించండి.

ఆపరేషన్ వేరే కారణాలకు మంచిదే. గోడ దూకి తిరగడం, కనబడ్డ ప్రతిచోటా కాలెత్తడం తగ్గుతాయి. వేట మాత్రం తగ్గదు, ఆ బుద్ధి వృషణాల్లో లేదు. ఆపరేషన్ చేసినా పిల్లిని పట్టాడేమిటని తర్వాత నన్నూ మీ డాక్టర్నీ తిట్టుకోవద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రాకీకి పిల్లుల మీద ప్రేమ పుట్టించే పని మనం పెట్టుకోవడం లేదు. ఒక పిల్లిని చంపిన నాలుగేళ్ల కుక్క విషయంలో ఆ ఆశ పెట్టుకుంటే దాని ఖర్చు పిల్లులు భరిస్తాయి. వాడికి పిల్లి అందకుండా చూసుకోవడం, పిల్లి కనబడినా మీ మాట చెవికెక్కేలా చేసుకోవడం, ఈ రెండే. మొదటిది ఈ రోజు నుంచే, వాడు ఉన్నన్నాళ్లూ.

ఆ పిల్లి జామచెట్టు కిందికి ఎందుకొచ్చిందో ఆలోచించారా? ఆదివారం పొద్దున అన్నారు. గుంటూరులో ఆదివారం పొద్దున పెరట్లో ఏం జరుగుతుందో నన్ను వేరే అడగాలా? చేపలు కడుగుతారు. మొప్పలూ పొట్టూ తూము దగ్గరో చెట్టు మొదట్లోనో పడతాయి, ఆ నీచువాసనకు నాలుగు వీధుల పిల్లులు ప్రహరీ ఎక్కుతాయి. రాకీ కాపలా కాస్తున్న చోటు చూస్తేనే తెలుస్తోంది. అంటే మీ పెరడు వారానికోసారి పిల్లులకు భోజనాల బంతి, రాకీకి వేటమడి. చేపలు మార్కెట్లోనే కడిగించి తెచ్చుకోండి. ఇంట్లోనే కడిగితే ఆ పొట్టును కవర్లో కట్టి వెంటనే చెత్త బండికి ఇచ్చేయండి, బండి వచ్చేదాకా మూత గట్టిగా పట్టే బకెట్లో పెట్టండి. తూము దగ్గర నీళ్లు పోసి బ్లీచింగ్ చల్లి కడగండి, ఆరేదాకా రాకీని అటు రానివ్వకండి. గోడ మీద మిరపకారం చల్లమని మీ వీధిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మిరప యార్డున్న ఊరు, కారానికి కరువు లేదు! దయచేసి ఆ పని చెయ్యొద్దు. పిల్లి కాలికి అంటిన కారం ఒళ్లు నాక్కున్నప్పుడు నోట్లోకీ, ముఖం తుడుచుకున్నప్పుడు కళ్లలోకీ పోతుంది. కారం ఘాటు రాకీ ముక్కుకూ తగులుతుంది. దాని బదులు జామచెట్టు మీదుగా పిల్లి దిగే కొమ్మ ఏదో చూసి కొట్టించండి, చెట్టు మొదలుకి నున్నటి రేకు చుట్టించండి. మోటారు గూడుకి తలుపు పెట్టించండి, పిల్లులు ఈనేది అలాంటి చోట్లే.

పెరటి తలుపు ఇక ముందు ఒక్కసారిగా తెరవకండి. ముందు గ్రిల్ మీద గరిటెతో టంగుటంగుమని కొట్టండి, చప్పట్లు కొట్టండి, పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు తీయండి. పిల్లి గోడెక్కి పోవడానికి ఆ పది అంకెలు చాలు. ఖర్చు లేని పని ఇది, నేను చెప్పే వాటన్నిటిలో ఎక్కువ ప్రాణాలు కాపాడేదీ ఇదే. తెరిచాక కూడా రాకీ తాడు లేకుండా బయటికి వెళ్లకూడదు. మెడ బెల్టుకు కాకుండా ఒంటికి తొడిగే హార్నెస్‌కు పాతిక అడుగుల నైలాన్ తాడు కట్టి వదలండి, కొస మీ చేతిలో ఉండాలి. అంతేగానీ పగలంతా గొలుసుకు కట్టిపడేయడం వద్దు. కురచ గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా 1960 జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరాలే. చట్టం మాట అలా ఉంచినా, కట్టేసిన కుక్కకు కళ్లముందు పిల్లి తిరుగుతుంటే ఆ ఉక్రోషం అంతా లోపల పేరుకుంటుంది.

మూతికి బుట్ట అలవాటు చేయండి. పొలంలో ఎద్దు మూతికి చిక్కం కడతారే, అలాంటిదే, ప్లాస్టిక్‌దో తీగదో. కుక్క అందులోంచి నాలుక చాపి ఒగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి. మూతిని బిగించేసే గుడ్డ పట్టీ మాత్రం కొనొద్దు. మన ఎండలకు నోరు తెరవలేని కుక్క వడదెబ్బకు పోతుంది. బుట్ట లోపల గడ్డపెరుగు రాసి పట్టుకోండి, మూతి వాడే పెడతాడు. నాకడం అయిపోగానే తీసేయండి. నాలుగు రోజులు ఇంతే, పట్టీ బిగించకండి. తర్వాత బిగించి అర నిమిషం, ఆ పైన నిమిషం. తొందరపడి మొదటి రోజే బిగిస్తే కాళ్లతో పీక్కుని, బుట్ట చూస్తేనే మంచం కిందికి దూరతాడు.

రెండో పని, మాట వినిపించడం. దీనికి మీకు మేడ మీది కిట్టీ సాయం కావాలి. అద్దెకున్నవాళ్లతో దాపరికం లేకుండా మాట్లాడండి. జరిగింది చెప్పండి, కిట్టీని మెట్ల మీదికి వదలొద్దనండి, మెట్లకు కింద జాలీ తలుపు మీ ఖర్చుతో పెట్టించండి. ముఖం చూపించలేమన్న టెన్షన్ ఆ తలుపుతో సగం పోతుంది. ఇక కిట్టీ సాయంత్రాలు పిట్టగోడ లోపల బాల్కనీలో కూర్చుంటుందనుకోండి, అదే మన బడి. జాలీ వెనకే ఉండాలి సుమా. రాకీకి హార్నెస్, తాడు, మూతికి బుట్ట. మీ జేబులో ఉడకబెట్టిన కోడి కార్జం, సెనగగింజంత ముక్కలు. బుట్ట సందుల్లోంచి అందేలా కోసుకోండి. వాడికి ఇష్టమని బిస్కెట్లు తేవద్దు, ఈ పనికి కార్జమే ఉండాలి. ఈ ముక్కలు ఇంకెప్పుడూ పెట్టకూడదు కూడా.

వీధి అవతలి నుంచి మొదలుపెట్టండి. పిల్లి కనబడాలి, అయినా మీరు పేరు పిలిస్తే చెవి ఇటు తిరగాలి. ఆ రెండూ కుదిరే దూరం ఒకటుంటుంది. మీవాడికి నలభై అడుగులో, అరవయ్యో. రాకీ పిల్లిని చూస్తాడు. చూసిన ఆ క్షణంలోనే, ఇంకా బిగుసుకోకముందే, ‘రాకీ’ అని మామూలు గొంతుతో పిలిచి ముక్కను వాడి ముందు నేల మీద వేయండి. చేతికివ్వకుండా నేల మీద ఎందుకంటే, వాసన కోసం తల వంచగానే చూపు తెగుతుంది. వాడి ఒంట్లో వేట మొదలయ్యేది ఆ చూపులోంచే. మళ్లీ తలెత్తి చూస్తాడు, మళ్లీ పిలుపు, మళ్లీ ముక్క. ఓ అయిదారు సార్లయ్యాక ఇంటికి వచ్చేయండి. కొన్నాళ్లకు ఒక సాయంత్రం పిల్లిని చూసి, మీరు పిలవకముందే మీ వైపు తిరిగి ‘ముక్కేదీ’ అన్నట్టు చూస్తాడు. ఆ రోజు రెండు ముక్కలు వేయండి. రెండడుగులు దగ్గరికి జరగొచ్చు, అంతకన్నా వద్దు.

ఈ లోపల వాడి ముఖం చదవడం మీకు రావాలి. నోరు తెరిచి, నాలుక వేలాడేసి చూస్తుంటే పర్వాలేదు. నోరు టక్కున మూసుకుని, చెవులు రెండూ ముందుకు వచ్చి, బరువంతా ముందుకాళ్ల మీద పడి, తోక కర్రలా ఆగిపోతే దూరం తక్కువైందని అర్థం. కార్జం ముక్క ముక్కు మీద పడినా తెలియదు అప్పుడు. తిట్టకండి, లాగకండి. మీరే వెనక్కి తిరిగి నడవండి, తాడు వాడిని తిప్పుతుంది.

వాడి వేట సరదాకు వేరే దారి కూడా ఇవ్వాలి. కర్ర చివర తాడు, తాడు చివర పాత గుడ్డ కట్టి పెరట్లో తరిమించండి, పట్టనివ్వండి, ‘వదిలెయ్’ అనగానే వదిలితే మళ్లీ ఆడించండి. ఎండాకాలంలో పొద్దున ఆరు లోపలే నడక. పెరుగన్నం గిన్నెలో పెట్టండిగానీ, మాంసం ముక్కల్ని మాత్రం పెరట్లో అక్కడక్కడా దాచి ముక్కుతో వెతుక్కోనివ్వండి. ముక్కుకు పని దొరికిన కుక్క మధ్యాహ్నం పడుకుని నిద్రపోతుంది.

ఇన్ని చేసినా మళ్లీ పిల్లి నోట పడితే? చేతులు పెట్టొద్దు. పిల్లిని పట్టి లాగితే చీరుకుపోతుంది, కుక్కను కొడితే పట్టు ఇంకా బిగిస్తుంది. రాకీ ముఖం మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరించండి, లేదా తల మీద మందపాటి బొంత కప్పండి. వదలగానే రాకీని గదిలో పెట్టి తలుపేయండి. పిల్లి లేచి పరిగెత్తినా సరే, దొరికితే తువ్వాలులో చుట్టి, గాలాడే అట్టపెట్టెలో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్క విదిలించిన పిల్లికి పైన బొచ్చులో రెండు చిన్న చిల్లులే కనబడతాయి, లోపల కండ చితికి, పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరి ఉండొచ్చు. నొప్పికని పారాసిటమాల్ వేయకండి. మనకు జ్వరం మాత్ర, పిల్లికి విషం. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, మీ డాక్టరు పంపితే అక్కడికి తీసుకెళ్లొచ్చు.

మీవారికి ఒక మాట. కరకట్ట మీద వదిలేసిన ఇంటి కుక్కకు అక్కడి గుంపులు మొదటి రాత్రే నరకం చూపిస్తాయి. బతికితే, పిల్లుల మీదే కాదు, కోళ్ల మీదా మేకపిల్లల మీదా పడుతుంది. అలా ఆకలికి మాడేలా వదిలేయడం కూడా అదే 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలని ఉంటుంది. 1960 నాటి అంకె, నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం. రూపాయల లెక్క చూసుకుని మాత్రం నిర్ణయం తీసుకోకండి. ఇంట్లో కుదరదనిపిస్తే పిల్లులు లేని, గోడ ఎత్తుగా ఉన్న ఇల్లు చూసి, ఉన్న సంగతి దాచకుండా చెప్పి ఇవ్వండి.

అత్తయ్యగారి బంగారు పిల్లి సంగతి నా శాస్త్రంలో లేదు, పంతులుగారినే అడగాలి. ఆ డబ్బులో కొంత తీసి వీధిలో రెండు ఆడపిల్లులకు ఆపరేషన్ చేయిస్తే మాత్రం, ఏటా మీ మోటారు గూట్లో ఈనే పిల్లలు రాకీ నోట పడవని చెప్పండి. ఆవిడ ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు సింగ్‌నగర్‌లో మా అక్క ఒక పిల్లికూనను తీసుకొచ్చి పెంచింది. ఇప్పుడు అక్కకు ట్రాన్స్‌ఫర్. పిల్లి మా ఇంటికి వస్తోంది. మాకు ఎనిమిదేళ్ల పొమెరేనియన్ ఉంది, పిల్లిని చూస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. కలుస్తాయా?

— ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: అరిచే కుక్క నాకు కొంచెం ధైర్యమే. పై ఉత్తరంలో రాకీ అరవలేదు, గుర్తుందిగా. మీది ‘ఇది నా ఇల్లు’ అని గొడవ పెడుతోంది. దాంతో మాట్లాడుకోవచ్చు. పిల్లిని మొదటి పది పదిహేను రోజులు ఒక గదిలో, మట్టి ట్రే, నీళ్లు, ఎక్కి కూర్చోవడానికి బీరువా పైన పాత దుప్పటితో పెట్టండి. కుక్క పడుకున్న గుడ్డ పిల్లి గదిలోకి, పిల్లి పడుకున్న గుడ్డ కుక్క దగ్గరికి మార్చండి. రెండింటికీ అన్నం మూసిన తలుపుకు చెరో పక్క, రోజూ గిన్నెలు జానెడు దగ్గరికి జరుపుతూ. ఆ తర్వాత జాలీ తలుపు వెనక నుంచి చూపులు, చివరికి కుక్కకు తాడుతో ఒకే గది. పిల్లి పరిగెత్తకుండా చూడటమే ముఖ్యం, పరిగెత్తితే పొమెరేనియన్ కూడా తరుముతుంది. కుక్క ఎప్పుడైనా అరుపు మానేసి బిగుసుకుని చూస్తే అది శాంతించిందని మాత్రం అనుకోకండి, ఆ రోజుకు ఆపేయండి. నెల పట్టొచ్చు, మూడు నెలలూ పట్టొచ్చు. రాత్రుళ్లు, మీరు ఇంట్లో లేనప్పుడు రెండూ వేర్వేరు గదుల్లోనే.

ప్రశ్న: పక్కింటివాళ్ల కుక్క మా పిల్లిని చంపింది. వాళ్లు ‘కుక్కలంతే కదండీ’ అని నవ్వేశారు. కేసు పెట్టొచ్చా? మా తమ్ముడు మందు పెట్టి చంపేస్తానంటున్నాడు.

— ఒక పాఠకురాలు, గుణదల, విజయవాడ

జవాబు: ముందు తమ్ముణ్ణి కూర్చోబెట్టండి. విషం పెట్టి జంతువును చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. పైగా ఆ మందు తినేది పక్కింటి కుక్కే అని ఏముంది, వీధిలో ఆడుకునే పిల్లవాడి చేతికీ రావచ్చు. పక్కింటి కుక్క మా పిల్లిని పట్టిందని కేసు పెడితే నిలవడం కష్టం, అక్కడ మనిషి ఉద్దేశం చూపించాలి. సరదాకి కుక్కను పిల్లి మీదికి ఉసిగొల్పితే మాత్రం అది 1960 చట్టం కింద నేరం. అలాంటి వీడియో ఉంటే పోలీసులకు ఇవ్వండి. లేకపోతే జరిగిన తేదీ, ఫొటోలతో కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కుక్కను తాడు లేకుండా వదులుతున్నారన్నదే ప్రధానంగా రాయండి, దానికే బలం ఎక్కువ. వాళ్లతో ఇంకోసారి మాట్లాడేటప్పుడు ఈ పేజీ చేతికివ్వండి, బకెట్ నీళ్ల సంగతీ మూతి బుట్ట సంగతీ వాళ్లకూ అవసరమే. మళ్లీ పిల్లిని తెచ్చుకుంటే మీ బాల్కనీకి జాలీ వేయించండి, దాన్ని చీకటి పడ్డప్పటి నుంచి తెల్లవారేదాకా లోపలే ఉంచండి. జాలీ ఖర్చులో సగం పక్కింటివాళ్లను అడగడానికి మొహమాటపడకండి.